పదిహేడో స్థానంలో దొరికిన ఆనందం

చెన్నై నుంచి బెంగళూరు హైవే పట్టుకుని వెళ్తే, శ్రీపెరుంబుదూరుకు కాస్త ముందు ఇరుంగాట్టుకోట్టై వస్తుంది. చుట్టూ ఫ్యాక్టరీలు. వాటి మధ్య 3.7 కిలోమీటర్ల పొడవున, 12 మలుపులతో మెలికలు తిరిగిన తారు బాట. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో తెరిచిన రేస్ ట్రాక్ అది. అంతకుముందు ఆ క్లబ్ పందేలు షోలవరంలోని పాత విమానాల రన్‌వే మీద జరిగేవి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ట్రాక్ పక్కన, పిట్ గోడ దగ్గర నిలబడి ఉన్నాను. నాతో ఇంటర్ చదివిన స్నేహితుడు ఆ పందెంలో ఉన్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు వాడిది. శుక్రవారం సాయంత్రం షాపు కట్టేసి, రాత్రంతా ప్రయాణం చేసి చేరుకున్నాడు. కారు పాత మారుతి ఎస్టీమ్. వెనక సీట్లు, ఏసీ, తలుపుల లోపలి అట్టలు అన్నీ పీకేసి, లోపల ఇనప గొట్టాలతో పంజరం కట్టించాడు. రేసు వాళ్ళు దాన్ని రోల్ కేజ్ అంటారు.

గళ్ల జెండా ఊగింది. బయల్దేరిన 22 కార్లలో వాడిది పదిహేడోది. కారు పాడక్‌లోకి, అంటే రేసు కార్లు నిలిపే ఆవరణలోకి, వచ్చి ఆగింది. చక్రాల దగ్గర కాలిన బ్రేకుల వాసన. హెల్మెట్ తీశాడు. జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుపోయింది. చేతులు సన్నగా వణుకుతున్నాయి. ఏమని ఓదార్చాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. వాడు నన్ను దాటుకుని, టైమ్ షీట్ అంటించిన బోర్డు దగ్గరికి గబగబా నడిచాడు. వేలు పెట్టి ఒక్కో అంకె చదివాడు. వెనక్కి తిరిగి అరిచాడు.

"ఒరేయ్, ఆరో ల్యాప్ చూడరా! పొద్దుటి మీద ముప్పాతిక సెకను పైనే తగ్గింది. ఆ కుడి మలుపు దొరికిందిరా నాకు!"

పదిహేడో స్థానంలో వచ్చిన మనిషి ముఖం మీద అంత వెలుగు ఎక్కడిది? ఆ ప్రశ్నే నన్ను భౌతికశాస్త్రం నుంచి మెదడు శాస్త్రం దాకా, అక్కడి నుంచి మనస్తత్వశాస్త్రం దాకా తిప్పింది. ఈ అధ్యాయం ఆ తిరుగుడు ఫలితం.

ముందు చిన్న లెక్క చూడండి. 22 కార్లు పరిగెడితే గెలిచేది ఒకటే. గెలుపు ఒక్కటే ఆనందం అయితే, ప్రతి ఆదివారం 21 మంది దుఃఖంతో ఇల్లు చేరాలి. సొంత డబ్బుతో టైర్లు, పెట్రోలు, ఎంట్రీ ఫీజు కట్టి, ఏడాది పొడవునా దుఃఖాన్ని కొనుక్కునేవాళ్ళు ఉండరు. రెండో పందేనికే గ్రిడ్, అంటే కార్లు బయల్దేరే వరస, ఖాళీ అయిపోవాలి. అవదు. మళ్ళీ అవే కార్లు, అవే ముఖాలు. అంటే గెలుపుతో సంబంధం లేకుండా ప్రతి డ్రైవర్‌కీ అక్కడ ఏదో ముడుతోంది.

ఒప్పులకుప్పలో ఎవరు గెలిచారు?

రొజే కాయ్వా అనే ఫ్రెంచి పండితుడు 1958లో ఆటల మీద ఒక పుస్తకం రాశాడు. ప్రపంచంలోని ఆటలన్నిటినీ నాలుగు రకాలుగా పంచాడు. పోటీ మీద నడిచేవి, అదృష్టం మీద నడిచేవి, వేషం కట్టి ఆడేవి, ఒంటికి తూలుడు తెచ్చుకుని ఆనందించేవి. చివరి రకానికి ఆయన గ్రీకు భాషలో సుడిగుండానికి ఉన్న పేరు వాడాడు.

మనకు ఆ రకం ఆట కొత్త కాదు. ఇద్దరు ఆడపిల్లలు చేతులు పెనవేసి, పాదాలు దగ్గర పెట్టి, వెనక్కి వాలి గిరగిర తిరిగే ఒప్పులకుప్ప అదే. అందులో ఎవరు గెలిచారని ఎవరూ అడగరు. ఉయ్యాల అంతే, తిరనాళ్ళలో రంగులరాట్నం అంతే. ఒళ్ళు తూలుతుంది, పట్టు జారేలా ఉంటుంది, జారదు. ఆ జారీ జారని చోటే ఆనందం.

కార్ల పందెం పైకి మొదటి రకం ఆటలా కనిపిస్తుంది. స్టాండ్‌లో కూర్చున్నవాళ్ళకి పోటీ మాత్రమే తెలుస్తుంది. సీట్లో కూర్చున్నవాడికి మాత్రం పోటీ, తూలుడు, రెండు ఆటలూ ఒకేసారి జరుగుతుంటాయి. పోటీలో ఓడినా, రెండో ఆటలో అతని వాటా అతనికి పూర్తిగా దక్కుతుంది.

నాలుగు అరచేతులంత రబ్బరు

కారు రోడ్డుని తాకేది నాలుగే చోట్ల. ఒక్కో టైరు కింద తారుని అంటుకునే భాగం ఇంచుమించు అరచేయంత. వేగం పెంచడం, తగ్గించడం, తిప్పడం, మూడు పనులూ ఆ నాలుగు అరచేతుల పట్టుతోనే జరగాలి. ఆ పట్టుకి ఒక హద్దు ఉంది. బ్రేకు మీద మొత్తం ఖర్చు పెడితే తిప్పడానికి మిగలదు. తిప్పడంలో మొత్తం ఖర్చు పెడితే యాక్సిలరేటర్‌కి మిగలదు. నెల జీతంతో ఇల్లు నడిపేవాళ్ళకి ఈ లెక్క వివరించక్కర్లేదు.

ఒక మలుపు తీసుకుందాం. దాని వ్యాసార్ధం 50 మీటర్లు. టైర్లు పక్కకి ఇవ్వగలిగిన త్వరణం సెకనుకి సెకనుకి 8 మీటర్లు అనుకుందాం. వృత్తంలో తిరిగే వస్తువుకి కావలసిన త్వరణం, వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. లెక్క కడితే ఆ మలుపులో హద్దు వేగం సెకనుకి 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. 75తో వెళ్తే కావలసిన త్వరణం 8.7కి చేరుతుంది. టైరు దగ్గర అంత లేదు, కారు బయటికి జారుతుంది. 69తో వెళ్తే జారదు, కానీ చేతిలో ఉన్న పట్టుని వాడకుండా వదిలేసినట్టు. మూడు కిలోమీటర్లు ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే.

ఇప్పుడు అదే మలుపుని రోడ్డు వెడల్పంతా వాడుకుని తీసుకోండి. బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మధ్యలో లోపలి అంచుని తాకి, మళ్ళీ బయటి అంచుకి వెళ్ళండి. లోపలి అంచుని తాకే ఆ బిందువుని అపెక్స్ అంటారు, మొత్తం దారిని రేసింగ్ లైన్ అంటారు. ఇలా వెళ్తే కారు గీసే వంపు మరింత విశాలమవుతుంది. వ్యాసార్ధం 50 నుంచి 60 మీటర్లకు పెరిగిందనుకుంటే, అదే టైర్లతో, అదే ఇంజన్‌తో, వేగం గంటకు 79 కిలోమీటర్లకు పెరుగుతుంది. పైసా ఖర్చు లేకుండా 7 కిలోమీటర్ల వేగం. ఇచ్చింది జ్యామితి.

బ్రేకు సంగతి చూడండి. వెయ్యి కిలోల కారు గంటకు 144 కిలోమీటర్ల నుంచి 72కి తగ్గాలంటే 6 లక్షల జౌళ్ళ శక్తి వేడిగా మారి బయటికి పోవాలి. అంత వేడితో 30 డిగ్రీల దగ్గరున్న రెండు లీటర్ల నీళ్ళని మరిగే స్థాయికి తేవచ్చు. ఇదంతా రెండున్నర సెకన్లలో, 75 మీటర్ల దూరంలో జరిగిపోతుంది. మలుపు మలుపుకీ ఇదే తంతు. బ్రేకు నొక్కడంలో పదో వంతు సెకను తేడా వస్తే, కారు 4 మీటర్లు, అంటే తన పొడవంత దూరం ముందుకు వెళ్ళిపోతుంది.

ఈ సూత్రాలు మనం ఇంటర్‌లోనే చదువుకున్నాం. మార్కులు తెచ్చుకుని మర్చిపోయాం. ఇరుంగాట్టుకోట్టైలో నా స్నేహితుడికి ఆ సూత్రం అరచేతుల్లో, నడుములో, పాదం బొటనవేలి కింద తెలుస్తుంది. "దొరికింది" అని వాడు అరిచింది అదే. వ్యాసార్ధం, వేగం, పట్టు, ఈ మూడూ ఒక్క క్షణం సరిగ్గా కుదిరిన చోటు. గెలిచినవాడికీ, పదిహేడో వాడికీ ప్రకృతి పెట్టే పరీక్ష ఒకటే, దిద్దే పద్ధతీ ఒకటే.

చెవిలో సున్నపు రేణువులు

మన లోపలి చెవిలో వినికిడితో సంబంధం లేని ఒక యంత్రాంగం ఉంది. మూడు అర్ధవృత్తాకార గొట్టాలు తల గుండ్రంగా తిరగడాన్ని పసిగడతాయి. ఒప్పులకుప్పలో కళ్ళు తిరిగేది వాటివల్లే. వాటి పక్కనే రెండు చిన్న సంచులు, వాటిలో మెత్తని పొర, ఆ పొర మీద కాల్షియం కార్బనేట్ రేణువులు. సున్నపురాయి ఏ పదార్థమో అవీ అదే. కారు ముందుకు దూకినా, బ్రేకు పడినా, పక్కకి తోసినా ఆ రేణువులు వెనకబడతాయి, కింద ఉన్న సన్నని రోమాలు వంగుతాయి, మెదడుకి కబురు వెళ్తుంది.

రోజువారీ జీవితంలో ఈ యంత్రాంగానికి పెద్ద పని ఉండదు. లిఫ్టు, బస్సు కుదుపు, మెట్లు, అంతే. పందెంలో దానికి ప్రతి సెకనూ పనే. సీటు నడుముని నొక్కుతుంది, బెల్టు భుజాలని పట్టి లాగుతుంది, స్టీరింగ్ బరువు మారుతుంది, టైరు కూత మారుతుంది. వాటన్నిటినీ కలిపి, టైరు ఇంకా పట్టు మీద ఉందా, జారడం మొదలుపెట్టిందా అని మెదడు తేల్చుకోవాలి.

కళ్ళ పని మరీ విచిత్రం. 2001లో మైకెల్ లాండ్, బెన్ టాట్లర్ అనే పరిశోధకులు ఇంగ్లండ్‌లోని మాలరీ పార్క్ ట్రాక్ మీద టోమస్ షెక్టర్ అనే రేసర్ చూపుని, తల కదలికలని రికార్డు చేశారు. అతని తల తిరిగిన తీరుకీ, దాదాపు ఒక సెకను తర్వాత కారు తిరిగిన తీరుకీ గట్టి పొంతన కనిపించింది. అంటే కారు ఇప్పుడున్న చోట అతను లేడు, ఒక సెకను ముందు ఉన్నాడు. కొత్తగా ట్రాక్ ఎక్కినవాళ్ళు బానెట్ ముందున్న తారునే చూస్తారు. బోధకులు వాళ్ళకి చెప్పే మొదటి మాట "దూరంగా చూడు" అనే. ఆ అలవాటు పట్టుబడిన రోజు, అదే ట్రాక్ విశాలంగా, అదే వేగం నిదానంగా అనిపిస్తుంది.

గుండె కూడా ఊరుకోదు. 1960లలో బ్రిటన్‌లో పీటర్ టాగర్ట్ బృందం రేసు డ్రైవర్ల గుండె వేగాన్ని నమోదు చేసింది. పందెం సాగుతుండగా నిమిషానికి 180 కొట్టుకోవడం వాళ్ళు చూశారు. కూర్చున్న మనిషి గుండె అది. అది ఏ స్థానంలో ఉన్నామన్నది చూసుకుని కొట్టుకోదు.

ముప్పాతిక సెకను విలువ

ఇక మెదడులోకి వెళ్దాం. స్విట్జర్లాండ్‌లో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతులకు పళ్ళరసం ఇస్తూ, వాటి మెదడులో డోపమైన్ విడుదల చేసే కణాలని గమనించాడు. అనుకోకుండా రసం దొరికితే ఆ కణాలు ఉత్సాహంగా స్పందించాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతి నేర్చుకున్నాక, దీపానికి స్పందించాయి, రసానికి స్పందించడం మానేశాయి. దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన క్షణంలో మామూలు కంటే తగ్గిపోయాయి. 1997లో షుల్ట్జ్, పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్ కలిసి దీనికి అర్థం చెప్పారు. ఆ కణాలు కొలిచేది ప్రతిఫలాన్ని కాదు, ఆశించినదానికీ దక్కినదానికీ ఉన్న తేడాని.

ఇది గుర్తు పెట్టుకుని పందేన్ని చూడండి. అందరూ గెలుస్తాడనుకున్నవాడు గెలిచాడు. తేడా సున్నా. గెలుస్తాననుకున్నవాడు రెండోవాడయ్యాడు. తేడా రుణం. పొద్దుటి సమయమే మళ్ళీ వస్తే చాలనుకున్నవాడికి ముప్పాతిక సెకను తగ్గింది. తేడా ధనం. కోతుల్లో చూసిన లెక్కని మనిషి సంతోషానికి నేరుగా అంటగట్టడంలో జాగ్రత్త అవసరం. అయినా నేర్చుకోవడంలో ఉండే పులకింతకి ఇంతకంటే మంచి వివరణ నాకు దొరకలేదు.

ఈ తేడా ఔత్సాహికుడికి తరచుగా దొరకడానికీ కారణం ఉంది. ఏ నైపుణ్యమైనా మొదట్లో వేగంగా పెరిగి, తర్వాత నెమ్మదిస్తుంది, కానీ చాలాకాలం ఆగదు. 1959లో క్రాస్‌మన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు చుట్టలు తయారు చేసే కార్మికుల పనిని కొలిచి, లక్షల చుట్టలు చేశాక కూడా వాళ్ళ వేగం కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉందని చూపించాడు. వృత్తి రేసర్ ఆ గీత చివర్లో, చదునుగా ఉన్న చోట నిలబడి ఉంటాడు. వెయ్యో వంతు సెకను కోసం అతను ఏడాదంతా శ్రమించాలి. ఏడాదికి నాలుగైదు సార్లు ట్రాక్ ఎక్కే షాపు యజమాని, ఇంకా ఎత్తుగా లేస్తున్న భాగంలోనే ఉన్నాడు. అతనికి ప్రతి ఆదివారం ఏదో ఒకటి కొత్తగా దొరుకుతుంది.

2013లో ఇటలీ శాస్త్రవేత్తలు వృత్తి రేసర్లనీ, మామూలు డ్రైవర్లనీ స్కానర్‌లో పడుకోబెట్టి, చూపుకీ చేతికీ సంబంధించిన పనులు చేయించారు. రేసర్ల మెదడులో తక్కువ ప్రాంతమే పనిలోకి దిగింది. వాళ్ళకి సాధన వల్ల దారి పడిపోయింది. దీన్నిబట్టి నాకొకటి తోస్తుంది. దారి పడిపోయినవాడికి గెలుపు ఎక్కువ, దారి వేసుకుంటున్నవాడికి ఆవిష్కరణ ఎక్కువ.

లీనమైపోయే ఇరవై నిమిషాలు

షాపులో కూర్చున్నప్పుడు మా వాడి బుర్ర ఎలా ఉంటుందో వాడే చెప్పాడు. జీఎస్టీ కాగితాలు, అప్పు తీసుకుని ఎత్తేసిన మెకానిక్, కూతురి ఇంజనీరింగ్ సీటు, అమ్మ మోకాళ్ళ నొప్పి, అన్నీ ఒకదాని మీద ఒకటి. "బెల్టు బిగించి పచ్చ దీపం పడ్డాక ఒక్కటీ గుర్తు రాదురా. కావాలని మర్చిపోను. చోటుండదు" అన్నాడు.

హంగరీ మూలాలున్న అమెరికన్ మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి జీవితమంతా ఈ "చోటుండదు" అన్న స్థితినే పరిశీలించాడు. 1975లో వచ్చిన ఆయన పుస్తకంలో కొండలెక్కేవాళ్ళు, చదరంగం ఆడేవాళ్ళు, నాట్యం చేసేవాళ్ళు, శస్త్రచికిత్స చేసే డాక్టర్లు కనిపిస్తారు. పనులు వేరు, వర్ణించిన అనుభవం ఒకటే. పనిలో కరిగిపోయి, కాలం తెలియక, తనను తాను మర్చిపోవడం. దానికి ఆయన ప్రవాహం అని పేరు పెట్టాడు. అది రావడానికి మూడు షరతులు ముఖ్యం. చేయవలసింది స్పష్టంగా ఉండాలి. చేసింది సరో కాదో వెంటనే తెలియాలి. పని కష్టం, మనిషి సత్తా సమఉజ్జీలుగా ఉండాలి. కష్టం మించితే బెదురు, సత్తా మించితే విసుగు.

రేస్ ట్రాక్ ఈ మూడింటినీ పనిగట్టుకుని సమకూర్చినట్టు ఉంటుంది. చేయవలసింది స్పష్టం. ఫలితం టైరు కూతలో, సీటు నొక్కుడులో ఆ క్షణమే తెలుస్తుంది. కష్టాన్ని ఎంచుకునేది డ్రైవరే. బ్రేకు ఐదు మీటర్లు ఆలస్యం చేస్తే కష్టం పెరుగుతుంది, ఐదు మీటర్లు ముందుకి జరిపితే తగ్గుతుంది. మన ఉద్యోగాల్లో ఎన్నింటిలో ఇవి మూడూ ఉన్నాయి? ఏడాది పని చేస్తే మార్చిలో ఒక కాగితం మీద అభిప్రాయం చెప్తారు. ట్రాక్ ప్రతి మలుపుకీ చెప్తుంది, నిజమే చెప్తుంది. ఆ నిజాయితీ కోసం మనిషి మొహం వాచిపోయి ఉన్నాడని నా నమ్మకం.

మరి పక్కవాడు ఎందుకు?

ఇక్కడ మీరు ఆపి అడగాలి. ఇదంతా ఒంటరిగా ట్రాక్ మీద తిరిగినా దొరుకుతుంది కదా? పందెమే ఎందుకు?

1898లో అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ సైకిల్ పందేల రికార్డులు పరిశీలించాడు. ఒంటరిగా గడియారంతో పోటీపడినప్పటి కంటే, పక్కన మరొకడు ఉన్నప్పుడు సైకిలిస్టులు వేగంగా వెళ్ళారు. ఆయన పిల్లలకి చేపల గాలం చక్రాలు ఇచ్చి తిప్పించి ఇదే సంగతి పరీక్షించాడు. 1969లో రాబర్ట్ జాయన్స్ బొద్దింకలని పరుగెత్తించాడు. తోటి బొద్దింకలు చూస్తుంటే అవి తిన్నని దారిలో ఇంకా వేగంగా పరిగెత్తాయి, మలుపులున్న దారిలో నెమ్మదించాయి. వచ్చిన పనిని పక్కవాడి ఉనికి మెరుగుపరుస్తుంది, ఇంకా పట్టుబడని పనిని తడబెడుతుంది. ఒంటరిగా బాగా తీసుకున్న మలుపు, అద్దంలో మరో కారు కనిపించగానే ఎందుకు చెడిపోతుందో దీనివల్ల అర్థమవుతుంది. నిజంగా వచ్చిందో లేదో తేలేది అప్పుడే. పక్కవాడు ఒక గీటురాయి.

ఆ గీటురాయి కూడా మన బంగారానికి తగినదే కావాలి. మనిషి తన సత్తాని తనకి దగ్గరగా ఉన్నవాళ్ళతోనే పోల్చుకుంటాడని లియోన్ ఫెస్టింజర్ 1954లో చెప్పాడు. పదిహేడో వాడు మొదటివాడితో పోటీ పడడు. వాడి యుద్ధం పదహారో వాడితో, పద్దెనిమిదో వాడితో. ఆ ఆదివారం మా వాడూ, కోయంబత్తూరు నుంచి వచ్చిన మరో డ్రైవరూ నాలుగు ల్యాప్‌లు ఒకరి వెనక ఒకరు, రెండు మూడు మీటర్ల దూరంలో తిరిగారు. స్టాండ్‌లో చప్పట్లన్నీ ముందున్నవాళ్ళకే. ఆ ఇద్దరికీ ఆ రోజు పందెమంటే ఆ నాలుగు ల్యాప్‌లే.

ర్యాంకు, సంతోషం ఒకే వరసలో నడవవని చూపిన పరిశోధన ఒకటి ఉంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలు తీసుకుని, ఫలితం తెలిసిన క్షణంలో క్రీడాకారుల ముఖాల్లోని ఆనందానికి పదికి మార్కులు వేయించారు. 1995లో మెడ్వెక్, మేడీ, గిలోవిచ్ అచ్చువేసిన ఆ ఫలితాల్లో రజతం వచ్చినవాళ్ళకి సగటున 4.8, కాంస్యం వచ్చినవాళ్ళకి 7.1. రెండోవాడు చేజారిన స్వర్ణాన్ని తలుచుకుంటాడు, మూడోవాడు దక్కిన పతకాన్ని. పోల్చుకునేది దేనితో అన్నదాన్ని బట్టి మనసు నిండడం, నిండకపోవడం.

గెలుపుని పక్కన పెట్టిన పందెం

ఈ సంగతి తెలిసి కట్టిన పందేలు కూడా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 24 గంటలు సాగే లె మాన్స్ పందెం జగద్విఖ్యాతం. 2006లో అమెరికాలో కొందరు దాని పేరుని కాస్త మెలితిప్పి "24 అవర్స్ ఆఫ్ లెమన్స్" మొదలుపెట్టారు. చెడిపోయిన కారుని అక్కడ నిమ్మకాయ అంటారు. కారు ఖరీదు 500 డాలర్లు మించకూడదు, భద్రతా సామగ్రికి మాత్రం ఆ హద్దు లేదు. అక్కడ అన్నిటికంటే గొప్ప బహుమతి మొదటివాడికి ఇవ్వరు. అధ్వాన్నమైన బండితో ఊహకి మించి నెట్టుకొచ్చిన జట్టుకి ఇస్తారు. ఆశించినదానికీ దక్కినదానికీ మధ్య తేడాకే అక్కడ పెద్ద పీట.

హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ కథ నాకు ఇంకా ఇష్టం. 1969లో వచ్చిన "విన్నింగ్" అనే సినిమాలో రేసర్ పాత్ర కోసం డ్రైవింగ్ నేర్చుకున్నాడు. సినిమా అయిపోయింది, ఆ రుచి పోలేదు. 1972లో, 47వ ఏట, ఔత్సాహికుల పందేల్లో కింది మెట్టు నుంచి మొదలుపెట్టాడు. ఎంట్రీ పత్రాల్లో "పి. ఎల్. న్యూమన్" అని రాయించుకునేవాడు. 1979లో లె మాన్స్‌లో ఆయన జట్టు రెండో స్థానంలో వచ్చింది. 1995లో, 70 నిండాక, డేటోనా 24 గంటల పందెంలో తన తరగతిలో గెలిచిన జట్టులో ఉన్నాడు. 80 దాటాక కూడా పందెం మానలేదు. ప్రపంచంలో ఏ వీధిలోకి వెళ్ళినా జనం గుర్తుపట్టే మనిషికి, స్టాప్‌వాచ్ తప్ప ఎవరూ గుర్తించని చోటు అవసరమైంది. ఆ గడియారం ముందు సినిమా పేరు పనికిరాదు. అక్కడ తను మళ్ళీ విద్యార్థి.

ఎడ్వర్డ్ డెసి 1971లో చేసిన ప్రయోగం దీనికి మరో వైపు చూపిస్తుంది. సోమా అనే ముక్కలని ఇచ్చి, చూపిన ఆకారాల్లో అమర్చమని విద్యార్థులకి చెప్పాడు. కొందరికి అమర్చినందుకు డబ్బు ఇచ్చాడు. ఆ తర్వాత డబ్బు ఆపేస్తే, ఖాళీ సమయంలో వాళ్ళ ఆసక్తి తగ్గింది. ఆట కోసమే ఆడినవాళ్ళది అలా తగ్గలేదు. ఫలానా బహుమతి కోసం అని పేరు పెట్టగానే, పని తనంతట తానిచ్చే రుచి పలచబడుతుంది. ఔత్సాహికుడికి బహుమతి ఆశ తక్కువ. రుచి చెడకుండా మిగిలేది అతనికే.

ఆ ఆనందానికి ఒక చోటు ఉంది

ఇది రాస్తున్నప్పుడు నాకు ఒక భయం ఉంది, దాచను. చదివిన కుర్రవాడు ఎవరైనా ఈ ఆనందం కోసం అర్ధరాత్రి హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కుతాడేమో అని. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద లారీలు నడిపేవాళ్ళు, ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు, పెళ్ళి నుంచి పిల్లలతో తిరిగొచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళెవరూ ఈ ఆటకి ఒప్పుకోలేదు.

ట్రాక్ మీద కూడా ప్రమాదం ఉంది. 1955లో లె మాన్స్‌లో కారు ఎగిరి, దాని ముక్కలు జనం మీద పడి 80 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత స్విట్జర్లాండ్ ట్రాక్ మీద కార్ల పందేలనే నిషేధించింది. ఈ రోజు ట్రాక్ మీద కనిపించే ప్రతి జాగ్రత్తా అలాంటి చావుల నుంచి నేర్చుకున్నదే. అందరూ ఒకే దిక్కుకి వెళ్తారు. జారితే ఆగడానికి ఖాళీ స్థలం ఉంటుంది. మలుపుల్లో జెండా పట్టుకుని మార్షల్, మంటలార్పే సామగ్రి, ట్రాక్ దగ్గరే అంబులెన్స్, డాక్టర్ ఉంటారు. ఈ ఏర్పాట్లు సరదాని తగ్గించవు. తప్పు చేసి, బతికి, వచ్చే ల్యాప్‌లో దిద్దుకునే వీలు కల్పిస్తాయి. దిద్దుకునే వీలు లేని చోట సాధన ఉండదు. రోడ్డు మీద వేగం ఏమీ నేర్పదు, ఎంత దగ్గరగా తప్పించుకున్నామో కూడా చెప్పదు. రుచి చూడాలంటే గో-కార్టింగ్ ట్రాక్ చాలు. ఎంతోమంది రేసర్లు మొదలుపెట్టింది అక్కడే.

పాడక్‌లో సాయంత్రం

ఆ సాయంత్రం సంగతితో ముగిస్తాను. పాడక్‌లో రేకుల నీడన ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. కోయంబత్తూరు డ్రైవర్ వచ్చి మా వాడి పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం ఇతని బ్రేకు ప్యాడ్లు అరిగిపోతే తన డబ్బాలోంచి తీసి ఇచ్చింది ఆయనే. తర్వాత నాలుగు ల్యాప్‌లు ఇతనికి దారివ్వకుండా అడ్డం పడిందీ ఆయనే. ఒకరికి తెలుగు రాదు, ఒకరికి తమిళం అంతంతమాత్రం. ఇద్దరూ అరచేతులని కార్లుగా చేసి గాలిలో మలుపు గీస్తున్నారు. ఇక్కడ బ్రేకు, ఇక్కడ వదలాలి, ఇక్కడ తాకాలి. పందెం జరిగింది ఇరవై నిమిషాలు. మాటలు చీకటి పడేదాకా నడిచాయి.

గెలిచిన కుర్రవాడి ట్రోఫీ కాస్త దూరంలో బల్ల మీద మెరుస్తోంది. మా వాడు అటు చూసి, "బాగా తోలాడు రా" అన్నాడు మనస్ఫూర్తిగా. మళ్ళీ జేబులోంచి మడత పెట్టిన టైమ్ షీట్ తీసి, ఆరో ల్యాప్ అంకె కింద పెన్నుతో గీత గీశాడు. ఆ కప్పు మీద ఒక్కరి పేరే పడుతుంది. ఆ కాగితం మీద 22 మంది పేర్లున్నాయి, ప్రతి పేరు ఎదురుగా ప్రతి ల్యాప్‌కీ ఒక కొలత ఉంది, వెయ్యో వంతు సెకను దాకా.

రాత్రి తొమ్మిదింటికి ఎస్టీమ్‌ని ట్రాలీ మీదకి ఎక్కించి తాళ్ళు బిగించాం. సోమవారం పొద్దున పదింటికల్లా షాపు తెరవాలి. నెల్లూరు దాటేవరకు వాడు మాట్లాడుతూనే ఉన్నాడు, అంతా ఎడమ మలుపు గురించి. కుడి మలుపు దొరికింది కదా, ఇక దాని తర్వాత వచ్చే ఎడమది ఉంది.